జోలపాడే గొంతు

డ్రైవర్ లేని లారీ మా ఆయన్ని తొక్కేశాక, ఆ లారీ కంపెనీవాళ్లు ఆయన గొంతుతో మాట్లాడే డబ్బా ఒకటి ఇంట్లో పెట్టారు. కేసు వదులుకుంటే అది మాకే ఉంటుంది. లేదంటే రేపు పట్టుకుపోతారు. ఆ గొంతు జోలపాడందే మా పాప నిద్రపోదు.

పాపకి అన్నం కలుపుతూ డబ్బానే అడిగాను.

"ఏటయ్యా, కేసు వదిలీమంటావా?"

"వదిలీ నూకాలూ. కోర్టు చుట్టూ ఏటి తిరుగుతావు?"

నా చెయ్యి ఆగిపోయింది. నాది మా అత్త పేరే. అమ్మ పేరు నోటితో అనకూడదని ఆయన నన్నెప్పుడూ "ఓలమ్మీ" అనే పిలిచేవాడు.

తీగ పీకేశాను.

"నాన్నేడమ్మా?" అంటూ పాప ఏడుపందుకుంది.

దాన్ని ఒళ్లో వేసుకుని, నేనే జోల మొదలుపెట్టాను. రేపు దీన్నెత్తుకునే కోర్టుకెళ్లాలి.