సుత్తి ఆగే వేళ

"సంతకం పెట్టమ్మా," అంటూ హెడ్‌మాస్టరు కాగితాన్ని లెక్కల టీచరు ముందుకి తోశాడు.

బడి గోడకి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు మీద ఫిర్యాదు అది. అందులో ట్రంకుపెట్టెలు చేసే మేస్త్రీ సుత్తిమోతతో పదో తరగతి చదువు చట్టుబండలవుతోందనీ, షెడ్డు వెంటనే తీయించెయ్యాలనీ రాసి ఉంది. పదో తరగతి కిటికీ ఆ షెడ్డు వైపే తెరుచుకుంటుంది. అందుకే ఆ క్లాసు టీచరు సంతకం కావాలి.

"పెట్టలేను సార్. లెక్కల్లో ఈసారి అందరూ పాసయ్యారుగా!"

"అది నా క్రమశిక్షణ."

"కాదు సార్. నేను పాఠం మొదలుపెట్టగానే ఆయన సుత్తి ఆపేస్తాడు. మళ్ళీ నేను బయటికొచ్చాకే మోగేది. వెనక బెంచీవాళ్ళకి నా మాట వినపడిందంటే ఆయన పుణ్యమే. రేపు దాతల సన్మాన సభకి ఆయన్నీ పిలిచి, నాలుగు మంచిమాటలు చెబుదాం."

హెడ్‌మాస్టరు ముఖం ఆముదం తాగినట్టయింది.

"బడికి గోడ గడియారం ఇచ్చిన పెద్దమనిషి పక్కన ఆ మసిగుడ్డలవాణ్ణి కూర్చోబెట్టాలా? వాడు ఆపేది నీ మీద గౌరవంతో కాదమ్మా, నా మీద భయంతో. రోజూ గోడ మీంచి గద్దిస్తున్నాను. నా గొంతు అలాంటిది!"

ఆ గొంతంటే ఆయనకి మహా మోజు. పొద్దున్నే పిల్లల్ని ఎండలో నిలబెట్టి అరగంటకి తక్కువ మాట్లాడడు. అసలు సుత్తి గోడకి ఏ పక్కనుందన్న విషయంలో పిల్లల అభిప్రాయం వేరు.

"నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా నా సొరుగులోనే ఉంది," అన్నాడు, సొరుగు మీద వేలితో కొడుతూ.

అయినా టీచరు పెన్ను తీయలేదు. కాగితం చేతిలోకి తీసుకుని, "ముందు ఆయన్నే అడుగుదాం రండి," అంటూ లేచింది.

మేస్త్రీ గుమ్మానికి వీపు పెట్టి, రేకు అంచు మడుస్తున్నాడు.

"ఏయ్, నిన్నే! లే!"

సుత్తి ఆగలేదు.

"పెద్దవాళ్ళొస్తే లేవాలని కూడా తెలీని మొద్దు!" అని హెడ్‌మాస్టరు చిందులేస్తూ అతని ఎదుటికి వెళ్ళాడు. మేస్త్రీ తలెత్తి చూశాడు. గబుక్కున లేచి, నిండుగా నవ్వి, సుత్తితోనే రెండు చేతులూ జోడించాడు.

"చూశావా, నా గొంతు వినేసరికి ఎలా ఒంగాడో!"

అంతలో మేస్త్రీ టీచరుని గమనించాడు. సుత్తి కింద పెట్టేసి, ఒక పెట్టె పైన దుమ్ము తుడిచి, కూర్చోమని సైగ చేశాడు.

రంగు డబ్బాతో వెనకనుంచి వచ్చిన అతని భార్యని టీచరు అడిగింది. "నా పాఠమప్పుడు ఈయన పని ఎందుకు ఆపుతారమ్మా?"

"మీరు బోర్డు మీద రాయడం కిటికీలోంచి కనపడుతుందిగా టీచరమ్మా. మీ చెయ్యి లేచిందంటే చాలు, సుత్తి పక్కన పడేసి పెట్టెలకి రంగులేసుకుంటాడు."

"మరి మిగతా పీరియడ్లలో?"

"మిగతా సార్లు కుర్చీలోంచి లేవరు కదండీ. పాఠం చెబుతున్నారో కునుకు తీస్తున్నారో ఎలా తెలుస్తుంది?"

టీచరు చేతిలోని ఫిర్యాదుని నిలువునా చింపి, ఆ ముక్కల్ని మళ్ళీ చింపింది.

హెడ్‌మాస్టరు ముఖం కందగడ్డయింది. "అంతా కోతలు! రోజూ గోడ మీంచి నేను పెట్టే చీవాట్లకి హడలిపోయి ఆపుతున్నాడు! కాదేమో వాణ్ణే చెప్పమను!"

మేస్త్రీ భార్య ఆయన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసింది.

"ఓహో, రోజూ గోడ మీంచి చెయ్యూపి పలకరించే పెద్దాయన మీరేనా సార్? మీరు చాలా మంచివారని మురిసిపోతుంటాడు, పుట్టుచెవుడు కదా!"