పక్క ఊరి సరిహద్దు

"బాబాయ్, ఈ ఉత్తరం వెనక్కి తీసుకో. ఇంకో నెలాగి ఇవ్వు."

సిపాయి కవరును బల్ల మీద పడేశాడు. శిబిరం తపాలా గదిలో ముద్రలు కొట్టీ కొట్టీ భుజం పడిపోయిన గుమాస్తా నెమ్మదిగా కళ్లజోడు తీశాడు. ఉత్తరం రాలేదని తిట్టేవాళ్లను సర్వీసంతా చూశాడు. వచ్చిందని తిట్టేవాణ్ని చూడ్డం ఇదే మొదలు.

"ఏమొచ్చిందిరా నీకు?"

"మా ఆవిడ పుట్టింటికి పోతానంటోంది. మొన్న తను రాసినదానికి అప్పుడే నా జవాబు అందిందట. సరిహద్దు నుంచి రెండ్రోజుల్లో ఉత్తరమెలా వస్తుంది, పక్క ఊళ్లో ఎవతెతో కాపురం పెట్టావో చెప్పు అని నిలదీస్తోంది."

గుమాస్తా నిట్టూర్చాడు. అంతా కొత్త మేజరు చలవ. దారిలో ప్రతి మజిలీలోనూ పడుకుని లేచే సంచులు ఇప్పుడెక్కడా ఆగడం లేదు. వారానికోసారి వచ్చే బండి రోజూ వస్తోంది. ఒకప్పుడు నెల పట్టే ఉత్తరం రెండో రోజుకే చేతిలో పడుతోంది. శిబిరంలో ఫోన్లు నిషేధం కాబట్టి అందరూ తెగ రాసేస్తున్నారు. మేజరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గుమాస్తా నడుము అంతకంత వంగింది.

"పోస్టు బాగుపడిందని చెప్పకపోయావా?"

"రాశాను. 'పోస్టు బాగుపడిందంటే నమ్మడానికి నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?' అంది. మా అమ్మదీ అదే మాట. ఎడమొహం పెడమొహంగా ఉండే అత్తాకోడళ్లు ఈ ఒక్క విషయంలో ఏకమైపోయారు బాబాయ్."

"అయితే నన్నేం చెయ్యమంటావ్?"

"ఇకమీద నా జవాబుల్ని నీ సొరుగులో ఓ నెల పడుకోనీ. పంపేముందు కాస్త బురద పూసి, నాలుగు ముద్రలు ఎక్కువ కొట్టు. ఎక్కడెక్కడో తిరిగొచ్చినట్టు కనపడాలి."

"నా ఉద్యోగానికి నీళ్లొదులుకోమంటావురా?"

"బురదా!" గుమ్మంలోంచి మేజరు గొంతు వినిపించింది. "నేను నిద్రాహారాలు మాని బాగుచేసిన పోస్టుకి బురద పూస్తారా? ఓ కాగితం ఇలా ఇవ్వండి."

కుర్చీ లాక్కుని స్వయంగా రాశాడు. అమ్మా, మీ భర్త సరిహద్దులోనే ఉన్నాడు, నేనూ ఇక్కడే ఉన్నాను, తపాలాను పరుగెత్తించింది నేనే అని. కింద సంతకం, హోదా, గుండ్రటి ముద్ర.

"ఆఫీసరు రాశాక కూడా నమ్మరటయ్యా?"

సిపాయి మొహం వెలిగిపోయింది. గుమాస్తా మాత్రం కవరు మీద ముద్ర కొడుతూ తల అడ్డంగా ఊపాడు. ఆయనకు పెళ్లయి చాలాకాలమైంది.

ఆ వారంలోనే మేజరు పేర జవాబొచ్చింది. మేజరు చదివాడు. కాగితాన్ని గుమాస్తా చేతికిచ్చి, ఖాళీ సంచుల కుప్ప మీద కూలబడ్డాడు. గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు.

"అయ్యా, మీ ఉత్తరమూ రెండో రోజుకే అందింది. అంటే తమరి మకాం కూడా ఆ పక్క ఊళ్లోనే అన్నమాట. మా ఆయన్ని చెడగొట్టిందెవరో ఇన్నాళ్లకి తెలిసింది. సిపాయిల కుటుంబాల సంఘంలో మీ ఇంటి అడ్రసు కనుక్కుని, మీ ఆవిడకీ ఓ ఉత్తరం రాసి పడేశాను. రెండ్రోజుల్లో అందుతుంది లెండి."