లేని రోగి రెండో ట్యూబు

నేను పెట్టిన పరీక్షలో ఈ ల్యాబు నెగ్గిందని మా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసరికి చీకటి పడింది. నాకు గాల్లో తేలినట్టుంది. కొత్త మందు ప్రయోగంలో రక్తపరీక్షలు సరిగ్గా చేస్తున్నారో లేదో చూడటం నా పని. అందుకే మావారి రక్తానికి అసలు లేని రోగి నంబరు పెట్టి, ఎవరికీ చెప్పకుండా మిగతా ట్యూబుల్లో కలిపాను. ముందే వేరేచోట చేయించిన పరీక్షతో ఫలితం అచ్చంగా సరిపోయింది. పెళ్ళయి నెల తిరగలేదు, ఆయన రక్తం కూడా నాకు ముద్దొచ్చింది.

ల్యాబులో వాళ్ళందరూ వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చిన పెట్టె సర్దుతుంటే అదే నంబరుతో ఇంకో ట్యూబు కనిపించింది. నేను పంపింది ఒక్కటే. దీని చీటీ మీద కూడా నా చేతిరాతే ఉంది. పక్కవన్నీ మంచుగడ్డల్లా ఉంటే, ఇదొక్కటీ గోరువెచ్చగా ఉంది.

ఫ్రీజరు చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, మీ రక్తం మళ్ళీ ఎవరికైనా ఇచ్చారా?"

"మధ్యాహ్నం నువ్వేగా ఇంటికొచ్చి తీసుకెళ్ళావు! అప్పుడే మతిమరుపా, పెళ్ళాంగారూ?" ఆయన నవ్వారు. "అవునూ, ఆ చేతులేంటి అంత చల్లగా ఉన్నాయి? ముద్దు పెట్టబోతే మొహం తిప్పేసుకున్నావు."

నేను పొద్దుట్నించీ ఈ గది దాటలేదు.

"నేనొచ్చేదాకా తలుపు తీయకండి. నేనే పిలిచినా సరే, తీయకండి."

"బాగుంది వరస! మిగతాదంతా రేపు పొద్దున తీసుకుంటానన్నావుగా. చెప్పినట్టే బకెట్టు కడిగి పెట్టాను."