ముందు వరుసలో ఆమెన్

పచ్చకామెర్ల నుంచి ప్రభువు తనను లేపిన సంగతి జెరాల్డ్ ప్రతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతాడు. మొదట్లో పది రోజులు మంచం పట్టానన్నాడు. ఈస్టర్ నాటికి అవి నలభై రోజులయ్యాయి. ముందు వరుసలో కూర్చున్న భార్య ప్రిన్సీ అందరికంటే గట్టిగా ఆమెన్ అంటుంది.

సోమవారం అతను బెంగళూరులో పని ముగించుకుని మారికుప్పం రైలు దిగి ఇంటికి రాగానే, ప్రిన్సీ డాక్టరు చీటీ చేతికిచ్చింది.

"నీకు జబ్బని తెలిసి ఈ పొద్దుటికి సరిగ్గా ఆర్నెల్లు. నీకు కామెర్లు తెచ్చిన ఆ హెపటైటిస్ బి రక్తంలోంచి పోయిందో లేదో మళ్ళా టెస్టు చేయించమన్నారు గదా. లోపలే నిలిచిపోతే లివరు చెడతాదంట. రేపు పోదాం పా."

"నా కండ్లు చూడు, పాల మాదిరి ఉండాయి. ప్రభువు బాగుచేసినాక ఇంగ టెస్టెందుకు? ఆయన్ని అనుమానించినట్లు గాదా? చర్చిలో ఒక్కరికన్నా అనుమానం ఉండాదా?"

చీటీ ఆమె చేతికే తిరిగిచ్చాడు.

"నువ్వు మాత్రం తేదీ కూడా గుర్తు పెట్టుకోనుండావు."

"అది నా మూడో టీకా తేదీ. నీ జబ్బు నాకంటకుండా, అది తెలిసిన దినమే మొదటిది వేయించుకున్నా." జాకెట్టు చెయ్యి పైకి జరిపి, అంటించిన దూదిని చూపించింది.

జెరాల్డ్ తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఆస్పత్రిలో నిన్ను మన చర్చివాళ్ళెవరన్నా చూసినారా?"

"చూడకేం. లైన్లో నా ముందర పాస్టరయ్య, నా వెనక పాటలు పాడేవాళ్ళు. అందరికీ మూడోదే."