హేమలత సాలు

వేదిక మీద డాక్టర్ హేమలత పేరు పిలిచారు. సరిగ్గా అప్పుడే వరండా రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

హాల్లో చప్పట్లు మోగాయి. అవి వానకు. మొక్కల నూనెల మీద సదస్సుకొచ్చిన శాస్త్రవేత్తలైనా, అనంతపురంలో వాన పడితే అంతే. హేమలత మెట్లెక్కకుండా తలుపు దగ్గరికి నడిచి, పొలం కాపలాదారుకు ఫోన్ చేసింది.

"ఆదెన్నా, పొలంలో వాన పడతాందా?"

"పడతాందమ్మా."

"సాళ్ల మీద ప్లాస్టిక్ పట్ట కప్పినావా?"

"కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టినా. మీరు దిగులు పడాకండి."

ఆమె గోడకు ఆనుకుంది. నీళ్లు లేకపోయినా గింజలో నూనె తగ్గని వేరుశనగ ఆమెకు కావాలి. చేను ఎండితేనే ఏ రకం తట్టుకుంటుందో తెలిసేది. సాలుకొక రకం విత్తితే, రెండేళ్లుగా కాయ కోసం ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన పడి సాళ్లన్నీ పచ్చగా నిలిచాయి. ఊరు సంబరపడింది. ఆమె తలుపేసుకుని పడుకుంది.

"కరువు కావాలని మొక్కుకునే మనిషిని మిమ్మల్నే చూసినా మేడం," అన్నాడు పక్కకొచ్చిన పరిశోధన కేంద్రం డైరెక్టర్ సురేంద్ర. ఈసారి ఫలితం చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తానన్నది ఆయనే.

"మా నాయన బతికుంటే నన్ను ఊర్లోకి రానిచ్చేవాడు కాదు సార్," అని ఆమె వేదిక ఎక్కింది.

చెప్పాల్సింది క్లుప్తంగా చెప్పింది. అన్ని సాళ్లూ ఎండాయి, ఒక్కటి ఎండలేదు. దాని గింజలో నూనె తగ్గలేదు. నమ్మనివాళ్లు వచ్చి చూడొచ్చు.

మధ్యాహ్నం వాన నిలిచాక అందరూ బస్సెక్కి పొలానికి పోయారు. కాపలా గుడిసె ముందు బిందె బోర్లించి ఉంది. ఆదెన్న రాళ్లు తీసి పట్ట లాగాడు. కింద ఎండిన సాళ్లు. మధ్యలో ఎర్ర గుడ్డ కట్టిన కర్ర దగ్గర, పచ్చగా ఒక్క సాలు.

సురేంద్ర ఎండిన సాల్లో ఒక మొక్క పీకాడు. మొదలు దగ్గర తెగింది. పచ్చ సాల్లో పీకితే కాయలతో సహా వచ్చింది.

"వేర్లోనే ఏందో ఉండాది మేడం," అన్నాడు. కాయ ఒలిచి గింజ నమిలాడు. "ఇంగ మూసేది లేదు. వచ్చే ఏడు ఊరూరికీ ఇదే విత్తనం ఇస్తాం."

ఫొటోలు తీసుకున్నారు. అందరూ బస్సు వైపు కదిలాక హేమలత గట్టు మీద కూర్చుంది. లేవాలనిపించలేదు.

"ఆదెన్నా, నువ్వు లేకపోతే నాకీ దినం లేదు. ఏం కావాలో అడుగు."

"నాకేం వద్దమ్మా." ఆదెన్న తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. "విత్తిన దినం మీరే గదా ఈ సాలు చూపించి, నా బతుకంతా దీంట్లోనే ఉండాది ఆదెన్నా అంటిరి? మీ బతుకు నా కండ్ల ముందర ఎండిపోతాంటే చూస్తా ఎట్ల కూసుందును? తెల్లారకముందే మబ్బుతోనే లేసి, ఎవురూ చూడకుండా, దానికొక్కదానికి నీళ్లు పోస్తా వచ్చినా."