నాలుగో బటన్

రేపు పొద్దున గద్వాల మ్యూజియంలో బడిపిల్లలకు నా యాప్‌తో పాఠం. కాలువ తూము దగ్గర నీళ్ల కోసం రెండూళ్లు నిజంగా కొట్టుకున్న కథ అది. ఆ కొట్లాటలో చనిపోయిన రైతు భార్య సుగుణమ్మ. ఆమె వద్దంటే ఆర్నెల్ల నా పని బుగ్గిపాలే.

ఆమె ముందు ట్యాబ్ పెట్టాను. తెర మీద తూము, రైతు. కింద మూడు బటన్లు చదివి వినిపించాను: మాట్లాడు, ఇంటికి పో, కర్ర ఎత్తు.

ఆమె "ఇంటికి పో" నొక్కింది. రైతు ఇల్లు చేరాడు. పత్తిచేను ఎండిపోయింది. "శభాష్, శాంతి గెలిచింది" అంటూ నక్షత్రాలు రాలాయి.

ఆమె ముఖం మారలేదు. "మాట్లాడు" నొక్కింది. కాలువకు ఎగువనున్న రెండో ఊరివాళ్లు రేపు చూద్దామన్నారు. మళ్లీ నక్షత్రాలు, మళ్లీ ఎండిన చేను.

"కర్ర ఎత్తు" మీదికి వేలు పోయింది.

"అవ్వా, అది తప్పు జవాబు," అన్నాను గాభరాగా. "పిల్లలకు అది వద్దనే చెప్తున్నాం."

అప్పటికే నొక్కేసింది. చేను పచ్చబడింది. రైతు గట్టు మీద పడిపోయాడు.

"నీళ్లయితే వచ్చినయి," అంది.

తర్వాత తెరంతా వేలితో తడమడం మొదలుపెట్టింది. మూలమూలా నొక్కుతోంది.

"ఇంకేం లేవవ్వా, మూడే," అన్నాను.

"నీళ్లు వెట్టి, పానంతోని ఇంటికొచ్చే బటన్ ఏడున్నది బిడ్డా?"

నేను చేయలేదన్నాను.

"ఆ దినం మా ఆయన గూడ గదే దేవులాడిండు."