స్టీలు చెంచా

ల్యాబ్ గోడ మీద ఎర్ర అక్షరాలు ఇంకా చెరగలేదు: "ఈ గదిలో స్టీలు చెంచా కనబడితే చేతులు విరగ్గొడతా - బ్రిడీ."

బ్రిడీ రోడ్డు ప్రమాదంలో పోయి మూడు వారాలైంది. ఆమె చివరిసారి తయారుచేసిన నల్లటి పొడి మాత్రం బల్ల మీద గాజుసీసాలో ఉంది. పరమాణువులు పొరలు పొరలుగా అమరిన కోబాల్ట్ ఆక్సైడ్. చల్లబరచకుండానే అది అయస్కాంతమవుతుందని నాలుగేళ్లు అందరితో పోట్లాడింది పిచ్చిపిల్ల.

ఆమె తండ్రి డెస్ సిడ్నీ అవతలి నుంచి రైల్లో వచ్చాడు. చేతిలో పిప్పరమెంట్ల డబ్బా.

"బీచ్‌కి వెళ్లొచ్చాను. అది ఆడుకున్న నెట్‌బాల్ కోర్టుకీ వెళ్లొచ్చాను. ఇదే ఆఖరు. దాని సీసా ఓసారి పట్టుకోనా తల్లీ?"

"పట్టుకోండి అంకుల్," అంది సినా. బ్రిడీది, ఆమెది పక్కపక్క బల్లలు. సినా టీ తెచ్చేసరికి ఆయన సీసా మూత బిగిస్తున్నాడు.

"మూతెందుకు తీశారు?"

"వాసన చూద్దామని."

"దానికి వాసనేంటి అంకుల్!" నవ్వబోయి ఏడ్చేసింది సినా.

మర్నాడు ఆ పొడిని యంత్రంలో కొలిచారు. అయస్కాంతమే! ప్రొఫెసర్ ఇస్లా ఎగిరి గంతేసింది. పరిశోధన వ్యాసంలో మొదటి పేరు బ్రిడీదేనంది. సినా వెంటనే ఫోన్ చేసింది.

"మీ అమ్మాయి గెలిచింది అంకుల్!"



కానీ ఇంకొకరు చేసినా అదే ఫలితం రావాలి. సినా బ్రిడీ నోటుబుక్కు ముందు పెట్టుకుని నూరింది, కొలిమిలో కాల్చింది, మళ్లీ నూరింది. తొమ్మిదిసార్లు చేసింది. ఒక్కసారీ రాలేదు. చివరికి బ్రిడీ సీసానే పరీక్షిస్తే అసలు సంగతి బయటపడింది. అందులో ఇనుము కలిసింది. అయస్కాంతమైంది ఆ ఇనుమే, బ్రిడీ పొడి కాదు.

"మనల్ని తిట్టి తనే స్టీలు చెంచా వాడిందన్నమాట," అన్నారెవరో. ఇస్లా వ్యాసం ఆపేసింది. సినాకి ఒళ్లు మండిపోయింది. ఆ ఆదివారమే డెస్ ఇంటికి వెళ్లింది.

"వేలు తెగి రక్తం చుక్క పడినా ఆ యంత్రం పట్టేస్తుంది, మన ఒంట్లోనూ ఇనుముంటుందని నాకు నేర్పిందే బ్రిడీ. అలాంటిదాన్ని పట్టుకుని అజాగ్రత్త మనిషంటున్నారు అంకుల్. చచ్చినా నమ్మను."

డెస్ ముఖం పాలిపోయింది. లేచి వెళ్లి పిప్పరమెంట్ల డబ్బా తెచ్చాడు. మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఖాళీగా ఉంది. అడుగున బూడిదరంగు మరక.

"దానికి ఇష్టమైన చోటల్లా దాని చితాభస్మం చిటికెడు చొప్పున వదిలొచ్చాను తల్లీ, ఆఖరి చిటికెడు ఆ సీసాలోనే వేశాను."